విమానవాహక నౌకపై తేలికపాటి జెట్‌లు, యుద్ధ డ్రోన్లు పనికొస్తాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

మన నౌకాదళం స్వదేశీ తేలికపాటి యుద్ధ విమానం తేజస్‌ను ఎందుకు వద్దంది? టర్కీ ఓ మాదిరి ఓడ మీంచే డ్రోన్లు ఎగరేస్తుంటే, మనం దాదాపు 63 వేల కోట్లు పెట్టి ఫ్రాన్స్ నుంచి ఓడ మీద దిగే రకం (రఫేల్-ఎం) సహా 26 రఫేల్‌లు ఎందుకు కొంటున్నాం? రక్షణ విషయాల మీద ఆసక్తి ఉన్నవాళ్ళు ఎక్కడ కలిసినా ఈ రెండు ప్రశ్నలూ వస్తాయి. రెండింటికీ జవాబు ఒకచోటే దొరుకుతుంది. ఆ విమానం డెక్ మీంచి ఎంత బరువుతో లేవగలదు, వాడని క్షిపణులతో సహా ఎంత బరువుతో తిరిగి దిగగలదు అన్నదే అసలు లెక్క. కింది ప్రశ్నలన్నీ చివరికి ఆ లెక్క దగ్గరికే వస్తాయి.

తేలికపాటి జెట్ అంటే ఎంత తేలిక?

తేజస్ మార్క్-1 ఖాళీ బరువు సుమారు ఆరున్నర టన్నులు. ఇంధనం, ఆయుధాలు నింపితే పదమూడున్నర టన్నుల దాకా వెళ్తుంది. రఫేల్-ఎం, ఇప్పుడు మన ఓడల మీదున్న రష్యా మిగ్-29కె రెండూ నిండు బరువులో ఇరవై నాలుగున్నర టన్నుల దగ్గర ఉంటాయి. అంటే దాదాపు రెట్టింపు. 1954లో తొలిసారి ఎగిరిన అమెరికా ఏ-4 స్కైహాక్ ఖాళీ బరువైతే ఐదు టన్నుల లోపే. రెక్కలు ఎంత చిన్నవంటే డెక్ మీద వాటిని మడవాల్సిన పని కూడా లేకపోయింది. టర్కీ హుర్జెట్ లాంటి శిక్షణ జెట్‌లను కూడా ఈ తేలికపాటి వర్గంలోనే చేర్చుకోవచ్చు.

రన్‌వే మీంచి బాగా ఎగిరే విమానం ఓడ మీంచి ఎందుకు తడబడుతుంది?

నేల మీద కిలోమీటర్ల పొడవు రన్‌వే ఉంటుంది. ఐఎన్‌ఎస్ విక్రాంత్ మొత్తం పొడవే 262 మీటర్లు. అందులో పరుగుకు దొరికేది ఇంకా తక్కువ. అందుకే ఓడ గాలికి ఎదురుగా తిరిగి వేగం అందుకుంటుంది. ఓడ వేగం, ఎదురుగాలి వేగం కలిసి రెక్కల కింద ఎత్తే బలాన్ని పెంచుతాయి. గాలి పడిపోతే విమానం మోసే బరువును కోసుకోవాల్సిందే.

ఇది పుస్తకాల్లో లెక్క మాత్రమే కాదని 1982 మే 2న ఫాక్‌లాండ్స్ యుద్ధంలో తేలింది. అర్జెంటీనా నౌక వెంటిసింకో దె మాయో మీద స్కైహాక్‌లు బాంబులతో సిద్ధంగా ఉన్నాయి. బ్రిటిష్ నౌకాదళం అందేంత దూరంలో ఉంది. దక్షిణ అట్లాంటిక్‌లో అరుదుగా జరిగేట్టు ఆ తెల్లవారుజామున గాలి దాదాపు ఆగిపోయింది. నిండు బరువుతో విమానాల్ని క్యాటపల్ట్ (డెక్ మీంచి విమానాన్ని ముందుకు విసిరే యంత్రం) లేపలేని పరిస్థితి, దాంతో దాడి ఆగింది. క్యాటపల్ట్ ఉన్న ఓడకే ఆ గతి పట్టిందంటే, క్యాటపల్ట్ లేని ఓడకు గాలి ఎంత ముఖ్యమో ఊహించవచ్చు.

దిగడం ఇంకా కష్టం. నేల మీద దిగే విమానం చివర్లో ముక్కు ఎత్తి మెత్తగా వాలుతుంది. ఓడ మీద అలా కుదరదు. సెకనుకు ఆరేడు మీటర్ల దాకా ఉండే వేగంతో కిందికి వచ్చి డెక్‌ను గట్టిగా తాకి, తోక దగ్గరి హుక్‌తో డెక్‌కు అడ్డంగా కట్టిన తీగను పట్టుకుని, గంటకు 240 కిలోమీటర్ల వేగం నుంచి రెండున్నర సెకన్లలో ఆగాలి. దీనికోసం చక్రాల కాళ్ళు, నడుము, తోక భాగం అన్నీ బలంగా కట్టాలి. ఇరవై నాలుగు టన్నుల విమానం ఆ అదనపు బరువును మోయగలదు. పదమూడు టన్నుల విమానానికి మాత్రం అది నేరుగా ఇంధనంలోంచో, క్షిపణుల్లోంచో పోతుంది. తేలికపాటి జెట్‌కు ఓడ మీద పడే అసలు శిక్ష ఇదే.

స్కీ జంప్ ఉంటే క్యాటపల్ట్ అవసరం ఏముంది?

స్కీ జంప్ అంటే డెక్ చివర పైకి వంగిన వాలు. మన రెండో విమానవాహక నౌక విక్రమాదిత్య మీద అది 14 డిగ్రీల పైచిలుకు ఉంటుంది. విమానాన్ని కాస్త పైకి విసిరి, గాలిలో వేగం పుంజుకోవడానికి కొన్ని సెకన్లు ఇస్తుంది. అయితే ముందుకు తోసే శక్తిని అది ఇవ్వదు. ఆ శక్తి మొత్తం ఇంజిన్ నుంచే రావాలి. ఇంజిన్ బలానికీ విమానం బరువుకూ మధ్య నిష్పత్తి బాగుంటే స్కీ జంప్ చాలు. బలం తక్కువైతే వాలు ఎంత ఉన్నా బరువు తగ్గించుకోక తప్పదు. క్యాటపల్ట్ బయటి నుంచి శక్తినిస్తుంది కాబట్టి బలహీనమైన ఇంజిన్ ఉన్న విమానాన్నీ, పొడవాటి రెక్కల డ్రోన్‌నూ లేపగలదు.

మరి ఒకప్పుడు చిన్న జెట్‌లే కదా ఓడల మీద ఉండేవి?

ఉండేవి, మంచి పేరూ తెచ్చుకున్నాయి. 1971 డిసెంబర్ 4న పాత విక్రాంత్ మీంచి లేచిన సీహాక్‌లు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌లపై దాడి చేశాయి. అవి సుమారు ఏడు టన్నుల విమానాలు. ఓడ బాయిలర్‌లో పగుళ్ళు ఉండటంతో పూర్తి వేగం కూడా అందుకోలేని పరిస్థితిలో ఆ పని చేశారు. ఆ సిబ్బంది మీద నాకెంత గౌరవం ఉందో మాటల్లో చెప్పలేను. కానీ అక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. తూర్పు పాకిస్తాన్‌లో శత్రువుకు ఉన్నది ఒక్క సేబర్ ఫైటర్ల స్క్వాడ్రన్. ఢాకా రన్‌వే దెబ్బతినడంతో యుద్ధం మొదలైన కొద్ది రోజులకే అది కూడా ఎగరలేకపోయింది. సీహాక్‌లు గాల్లో ఎవరితోనూ పోరాడాల్సిన అవసరం రాలేదు.

అడ్డొచ్చే ఫైటర్లు ఉన్నప్పుడు ఏం జరుగుతుందో మళ్ళీ ఫాక్‌లాండ్స్‌లోనే కనిపిస్తుంది. నేల మీది స్థావరాల నుంచి ఎగిరిన అర్జెంటీనా స్కైహాక్‌లు బ్రిటిష్ ఓడల్ని ముంచాయి, పైలట్ల తెగువకు శత్రువులే మెచ్చుకున్నారు. కానీ మే 21న హెచ్‌ఎంఎస్ ఆర్డెంట్‌పై దాడి చేసిన మూడు నౌకాదళ స్కైహాక్‌ల బృందంలో ఒక్క విమానం కూడా ఇంటికి చేరలేదు. వాటిని పట్టుకున్నవి సీహారియర్‌లు. అవీ పెద్ద విమానాలేం కాదు. అయితే వాటి దగ్గర ఎటు నుంచైనా లాక్ చేయగల సైడ్‌వైండర్ ఏఐఎం-9ఎల్ క్షిపణులు, రాడార్ ఉన్నాయి. మొత్తం యుద్ధంలో గగనతల పోరులో ఒక్క సీహారియర్ కూడా పోలేదు. వాటి ఇబ్బంది అంతా ఇంధనమే. ఓడలు తూర్పున దూరంగా ఉండటంతో పోరు జరిగే చోట అవి కొద్ది నిమిషాలే నిలవగలిగేవి.

నౌకాదళం తేజస్‌ను వద్దనడం అన్యాయం కాదా?

ఈ విషయంలో చాలామందికి కోపం ఉంది. స్వదేశీ విమానం మీద అభిమానం ఉన్నవాళ్ళకు ఆ కోపం సహజమే. కాలక్రమం చూద్దాం. నేవీ కోసం చేసిన తొలి నమూనా ఎన్‌పీ-1 2012 ఏప్రిల్‌లో ఎగిరింది. 2014 డిసెంబర్‌లో గోవాలోని ఐఎన్‌ఎస్ హంస దగ్గర నేల మీద కట్టిన స్కీ జంప్ మీంచి లేచింది. 2016 డిసెంబర్‌లో నాటి నౌకాదళాధిపతి అడ్మిరల్ సునీల్ లాంబా, ఈ విమానం ప్రస్తుత రూపంలో మా అవసరాలు తీర్చదని స్పష్టంగా చెప్పారు. తేజస్‌లోని ఎఫ్404 ఇంజిన్ బలం, అదనపు ఇంధనం మండించి పూర్తి శక్తి తీసినప్పుడు (ఆఫ్టర్‌బర్నర్‌తో) సుమారు 84 కిలోన్యూటన్లు. దానితో నిండు ఇంధనం, తగినన్ని క్షిపణులు రెండూ మోసుకుని స్కీ జంప్ మీంచి లేవడం కుదరదన్నది నేవీ అభ్యంతరం.

లెక్క ప్రకారం ఆ మాట సరైనదే. ఓడ మీది ఫైటర్ పని లేచి దిగడంతో అయిపోదు. రెండు వందల కిలోమీటర్ల దూరం వెళ్ళి, గంటకు పైగా కాపలా కాసి, అవసరమైతే పోరాడి, తిరిగొచ్చాక మొదటిసారి తీగ అందకపోతే మళ్ళీ చుట్టు తిరిగొచ్చి దిగేంత ఇంధనం మిగలాలి. నడిసముద్రంలో పక్కన ఇంకో ఎయిర్‌పోర్ట్ ఉండదు కదా.

అయినా ఆ పనంతా వృథా అంటే నేను ఒప్పుకోను. 2020 జనవరి 11న కమొడోర్ జైదీప్ మావ్‌లంకర్ రెండో నమూనా ఎన్‌పీ-2ను విక్రమాదిత్య మీద దించారు. మర్నాడు అదే డెక్ మీంచి స్కీ జంప్‌తో లేచారు. 2023 ఫిబ్రవరి 6న కొత్త విక్రాంత్ మీద కూడా తేజస్ దిగింది. ఓడ మీద దిగే ఫైటర్‌ను సొంతంగా రూపొందించిన దేశాలు ప్రపంచంలో వేళ్ళమీద లెక్కపెట్టేన్ని. హుక్ ఎలా కట్టాలి, దిగేటప్పుడు కంప్యూటర్ విమానాన్ని ఎలా అదుపు చేయాలి అన్న జ్ఞానం మన ఇంజినీర్ల చేతికి వచ్చింది. రెండు ఎఫ్414 ఇంజిన్లతో 26 టన్నుల తరగతిలో, తేజస్‌ను రూపొందించిన సంస్థ ఏడీఏ చేస్తున్న కొత్త నౌకాదళ ఫైటర్ టెడ్‌బీఎఫ్‌కు అదే పునాది.

ఒకటే ఇంజిన్ ఉండటం అసలు సమస్య కదా?

కాదు. స్కైహాక్, సూపర్ ఎతాండార్, ఇప్పటి ఎఫ్-35సి అన్నీ ఒకే ఇంజిన్‌తో ఓడల మీంచి ఎగిరినవే. రెండో ఇంజిన్ ధైర్యాన్నిస్తుంది, నిజమే. కానీ ఎన్ని ఇంజిన్లన్నదాని కంటే మొత్తం బలం ఎంత అన్నదే డెక్ మీద ముఖ్యం.

అయితే బరువైన విమానం కొంటే సరిపోతుందా?

సరిపోదు. మనం రెండు విడతల్లో 45 మిగ్-29కె విమానాలు తీసుకున్నాం. కాగితం మీద బలమైనవే. 2016 కాగ్ నివేదిక ప్రకారం ఏ రోజైనా ఎగరడానికి సిద్ధంగా ఉన్నవి 16 నుంచి 38 శాతం మధ్యే. ఇంజిన్లలో, విమాన దేహంలో లోపాలు బయటపడ్డాయి. హ్యాంగర్‌లో కూర్చున్న పెద్ద విమానం ఓడను కాపాడదు. 2022 జనవరిలో గోవా స్కీ జంప్ మీద రఫేల్-ఎంను పరీక్షించి, 2025 ఏప్రిల్‌లో ఒప్పందం కుదుర్చుకోవడం వెనక ఈ అనుభవం ఉంది. 22 ఒంటి సీటు విమానాలు ఓడల కోసం. శిక్షణ కోసం తీసుకుంటున్న 4 రెండు సీట్ల విమానాలు డెక్ మీద దిగేవి కావు.

గగనతల పోరులో తేలికపాటి జెట్‌కు అసలు చోటే లేదా?

ఉంది, కానీ చోటు మారింది. దూరం నుంచి వచ్చే ఆధునిక ఫైటర్లను ఆపాలంటే పెద్ద రాడార్, ఎక్కువ దూరం వెళ్ళే క్షిపణులు ఆరో ఎనిమిదో, గాల్లో ఎక్కువసేపు ఉండే ఇంధనం కావాలి. రాడార్ శక్తి విమానం ముక్కు వెడల్పును బట్టి, అది తయారుచేసే కరెంటును బట్టి ఉంటుంది. చిన్న ముక్కులో పెద్ద రాడార్ పట్టదు. ఈ పోరులో తేలికపాటి జెట్‌ను నమ్ముకోవడం పైలట్ ప్రాణాలతో ఆటే.

కానీ ఎర్ర సముద్రంలో 2023 చివరి నుంచి జరిగింది చూడండి. అమెరికా నౌక ఐసెన్‌హోవర్ మీది సూపర్ హార్నెట్‌లు యెమెన్ హౌతీల నెమ్మది డ్రోన్లను వేటాడాయి. మోటార్ మీద వచ్చే చవక డ్రోన్ కోసం అంత పెద్ద జెట్, అంత ఖరీదైన క్షిపణి. ఈ పనికి గన్, చవక గైడెడ్ రాకెట్లు ఉన్న తేలికపాటి జెట్ చక్కగా సరిపోతుంది. పైలట్లకు డెక్ శిక్షణ ఇవ్వడానికీ అంతే. కాకపోతే ఓడ మీద ముప్ఫై విమానాలకు మించి చోటు లేనప్పుడు, ఒక్క పనికే పనికొచ్చే జెట్‌కు ఆ చోటు ఇవ్వాలా అన్నది నౌకాధికారులు తేల్చుకోవాల్సిన కష్టమైన ప్రశ్న. విక్రాంత్ లాంటి ఓడ మీద నేనైతే ఇవ్వను.

డ్రోన్ ఓడ మీద దిగగలదా? పైలట్ లేకుండా తీగ పట్టుకోవడం సాధ్యమేనా?

సాధ్యమేనని 2013లోనే రుజువైంది. నార్త్రప్ గ్రుమ్మన్ తయారుచేసిన ఎక్స్-47బి, తోక లేని జెట్ డ్రోన్, ఆ ఏడాది మే 14న జార్జ్ హెచ్.డబ్ల్యు. బుష్ నౌక మీంచి క్యాటపల్ట్‌తో లేచింది. జులై 10న అదే నౌక మీద తీగ పట్టుకుని దిగింది. జాయ్‌స్టిక్‌తో ఎవరూ నడపలేదు. ఓడకూ డ్రోన్‌కూ మధ్య ఖచ్చితమైన స్థాన సమాచారం ఇచ్చిపుచ్చుకుంటూ కంప్యూటరే దించింది. అదే రోజు ఇంకో ప్రయత్నంలో తన నావిగేషన్ కంప్యూటర్లలో ఒకదానిలో తేడా ఉందని డ్రోన్ తానే గుర్తించింది. దిగడం మానుకుని తీరంలోని వాలప్స్ దీవికి వెళ్ళి దిగింది. విజయవంతంగా దిగిన వార్త కంటే ఆ వెనక్కి తగ్గిన వార్తే నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది. ఇరుకు డెక్ మీద వందల మంది పనిచేస్తుంటే, సందేహం వచ్చినప్పుడు వెళ్ళిపోవడం తెలిసిన యంత్రమే కావాలి.

డెక్ మీద అటూ ఇటూ నడపడానికి సిబ్బందిలో ఒకరు చేతికి కట్టుకున్న చిన్న కంట్రోల్ పరికరం వాడారు. 2015 ఏప్రిల్‌లో ఈ డ్రోన్ గాల్లోనే ఇంధనం కూడా నింపుకుంది.

అంత బాగా పనిచేస్తే అమెరికా దాన్ని యుద్ధంలోకి ఎందుకు తేలేదు?

ఎక్స్-47బి ప్రయోగం కోసం చేసిన విమానం. తర్వాత అమెరికా నౌకాదళం యుద్ధ డ్రోన్ కంటే ముందు ట్యాంకర్ డ్రోన్ కావాలని నిర్ణయించుకుంది. 2018 ఆగస్టులో బోయింగ్‌కు ఎంక్యూ-25 స్టింగ్‌రే ఒప్పందం దక్కింది. చాలామందికి ఇది వెనకడుగులా కనిపించింది, కానీ వెనక గట్టి కారణం ఉంది. ట్యాంకర్ లేక సూపర్ హార్నెట్‌లే తోటి విమానాలకు ఇంధనం మోసేవి. అవి ఎగిరే సార్టీల్లో (విడతల్లో) 20 నుంచి 30 శాతం ఈ పనికే పోయేవి. స్టింగ్‌రే 900 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఆరేడు టన్నుల ఇంధనం అందించాలన్నది లక్ష్యం. అలా ఒక డ్రోన్ ఫైటర్లను ఫైటర్ పనికే వదిలేస్తుంది, వాటి దూరాన్నీ పెంచుతుంది. 2021 జూన్ 4న దాని పరీక్ష నమూనా సూపర్ హార్నెట్‌కు గాల్లో ఇంధనం అందించింది.

టర్కీ టీబీ3తో ఓడ మీంచి యుద్ధం చేయగలదా?

ఎవరితో యుద్ధం అన్నదాని మీద ఉంటుంది. రష్యా ఎస్-400 కొన్నందుకు 2019లో టర్కీని ఎఫ్-35 కార్యక్రమం నుంచి తప్పించారు. ఆ విమానాల కోసం అనుకున్న 232 మీటర్ల టీసీజీ అనడోలు ఓడకు కొత్త పని వెతకాల్సి వచ్చింది. 2024 నవంబర్ 19న బైరక్తార్ టీబీ3 దాని మీంచి లేచి, మళ్ళీ దాని మీదే దిగింది. క్యాటపల్ట్ లేదు, తీగలూ లేవు. రెక్కలు మడుచుకుంటుంది, తక్కువ వేగంతో ఎగరగలదు. కష్టకాలంలో చేతిలో ఉన్నదానితో ఇంత సాధించడం మెచ్చుకోదగ్గ విషయం.

కానీ టీబీ3 మోసే ఆయుధాల బరువు 280 కిలోల దగ్గర. వేగం ప్రొపెల్లర్ విమానానిది. సముద్రం మీద గస్తీ, పడవల మీద దాడి, తీరంలో రక్షణ లేని లక్ష్యాలు, వీటికి బాగుంటుంది. ఫైటర్ ఎదురైతే తప్పించుకోలేదు. అందుకే టర్కీ 2022 డిసెంబర్‌లో తొలిసారి ఎగిరిన జెట్ డ్రోన్ కిజిలెల్మా మీద ఆశ పెట్టుకుంది. 2025 నవంబర్‌లో అది సొంత రాడార్‌తో గుర్తించి, గోక్‌దోవాన్ క్షిపణితో జెట్ లక్ష్యాన్ని కూల్చిందని ప్రకటించారు. లక్ష్యం ఎదురు పోరాడేది కాదు, నిజమే. అయినా డ్రోన్ గాల్లోంచి గాల్లోకి క్షిపణి వేసి జెట్‌ను కొట్టడం పెద్ద మలుపు.

అంటే ఇక పైలట్ అవసరం తీరినట్టేనా?

లేదు. శత్రువు రేడియో లింకును జామ్ చేస్తే డ్రోన్ ఏం చేయాలి? రాడార్ మీద కనిపించే చుక్క శత్రువా, ప్రయాణికుల విమానమా, మనవాడా? 2024 డిసెంబర్ 22న ఎర్ర సముద్రంలో అమెరికా క్రూజర్ గెటీస్‌బర్గ్, తమ నౌక ట్రూమన్‌కు చెందిన సూపర్ హార్నెట్‌నే కూల్చేసింది. అనుభవం ఉన్న మనుషులు, ప్రపంచంలోకెల్లా ఖరీదైన వ్యవస్థలు ఉండీ జరిగిన పొరపాటు అది. ఆకాశం నిండా మన డ్రోన్లు, వాళ్ళ డ్రోన్లు ఉన్న రోజున గుర్తింపు ఎంత కష్టమో దీన్నిబట్టి ఆలోచించండి. చంపే నిర్ణయాన్ని కంప్యూటర్‌కు వదిలేయకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

పైలట్ ఉన్న ఫైటర్ వెనక ఉండి నిర్ణయం తీసుకోవడం, డ్రోన్ ముందుకెళ్ళి వెతకడం, అదనపు క్షిపణులు మోయడం, ప్రమాదం తన మీద వేసుకోవడం: ఇప్పుడు అమెరికాలో, మన హెచ్‌ఏఎల్ రూపొందిస్తున్న డ్రోన్ క్యాట్స్ వారియర్‌లో జరుగుతున్న పని ఈ దిశలోనే.

చైనా ఎక్కడుంది?

ముందుంది. విద్యుదయస్కాంత క్యాటపల్ట్‌లు ఉన్న ఫుజియాన్ 2025 నవంబర్‌లో నౌకాదళంలో చేరింది. 2024 డిసెంబర్‌లో జలప్రవేశం చేసిన సిచువాన్ అనే దాడి నౌకకు కూడా క్యాటపల్ట్ ఉంది. బరువైన డ్రోన్లను లేపాలన్న ఆలోచన ఆ ఓడ నిర్మాణంలోనే కనిపిస్తుంది.

ఇందులో తెలుగు రాష్ట్రాలకు సంబంధం ఉందా?

చాలా ఉంది. 1971లో పాత విక్రాంత్‌ను ముంచడానికే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు ఉంది. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక ఘాజీ విశాఖ తీరంలోనే మునిగిపోయింది. తూర్పు నౌకాదళ కేంద్రం నేటికీ విశాఖే.

తేలికపాటి జెట్ అయినా డ్రోన్ అయినా చివరికి పోరాడేది క్షిపణితోనే. గాల్లోంచి గాల్లోకి వేసే అస్త్ర క్షిపణి హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్‌లో పుట్టింది. వైమానిక దళానికీ నౌకాదళానికీ అస్త్ర మార్క్-1 అందించేందుకు 2022లో క్షిపణులు తయారుచేసే ప్రభుత్వ సంస్థ బీడీఎల్‌తో 2,971 కోట్ల ఒప్పందం కుదిరింది. దాని బరువు సుమారు 154 కిలోలే. క్షిపణి తేలికైన కొద్దీ చిన్న విమానానికి విలువ పెరుగుతుంది. నౌకాదళానికి తొలి దృష్టి-10 గస్తీ డ్రోన్‌ను 2024 జనవరిలో అందించింది కూడా హైదరాబాద్‌లోనే. అది నేల మీంచి ఎగిరేదే, ఓడ మీద దిగేది కాదు.

మరి మన విక్రాంత్ మీద ముందుగా ఏ డ్రోన్ రావాలి?

నన్నడిగితే యుద్ధ డ్రోన్ కంటే ముందు కళ్ళు కావాలి. హాకై లాంటి ముందస్తు హెచ్చరిక విమానం లేవాలంటే క్యాటపల్ట్ ఉండాలి. అది లేక మనం కామొవ్-31 హెలికాప్టర్ల మీద ఆధారపడుతున్నాం. అవి ఎక్కువ ఎత్తుకు వెళ్ళలేవు, ఎక్కువసేపు ఉండలేవు. రాడార్ మోసే డ్రోన్ గంటల తరబడి పైన ఉంటే, ఉన్న కొద్దిపాటి రఫేల్‌లకు శత్రువు ముందుగా కనిపిస్తాడు.

క్యాటపల్ట్ లేకుండా ఇది కుదురుతుందా అంటే దారి కనిపిస్తోంది. 2023 నవంబర్‌లో జనరల్ అటామిక్స్ మొహావీ డ్రోన్ క్యాటపల్ట్, తీగలు రెండూ లేకుండానే బ్రిటిష్ నౌక ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మీంచి లేచి దిగింది. మనం 2024 అక్టోబర్‌లో ఒప్పందం చేసుకున్న 31 ఎంక్యూ-9బి డ్రోన్లలో 15 నౌకాదళానివే. ఆ డ్రోన్‌కు పొట్టి డెక్‌ల కోసం వేరే రెక్కలు అమర్చవచ్చని కంపెనీ చెబుతోంది. విక్రాంత్ మీద దాన్ని పరీక్షించాలి. అదే సమయంలో 2022 జులైలో చిత్రదుర్గలో ఎగిరిన డీఆర్‌డీఓ తోకలేని డ్రోన్ నమూనాకు, తేజస్ ద్వారా నేర్చుకున్న హుక్, డెక్ కంట్రోల్ పరిజ్ఞానాన్ని ఇప్పటి నుంచే జోడించడం మొదలుపెట్టాలి. డెక్‌కు తగ్గట్టు కాళ్ళు, నడుము తర్వాత మారుద్దామంటే ఎంత బరువు పెరుగుతుందో నేవీ తేజస్ విషయంలో ఒకసారి చూశాం.